దేవుడున్నాడా? (వెరీ ఇంపార్టెంట్)

తెలుగు రాష్ట్రాల్లో నీతి ఉదయం 10 గంటలకు మొదలై మధ్యాహ్నం 1 గంటకు ముగుస్తుంది. ఏడాదికి ఒక్కరోజే. పబ్లిక్ పరీక్షలు ఇంకా కొన్ని వారాలు ఉన్నాయనగా ఇంటర్ ఫస్టియర్ పిల్లలందరినీ కూర్చోబెట్టి ‘నైతికత, మానవ విలువలు’ పరీక్ష పెడతారు. దాని వెనకాలే పర్యావరణ విద్య పరీక్ష. ఒకనాడు మనిషి బాగుపడతాడు, మరునాడో ఆ పైనాడో భూగోళం బాగుపడుతుంది, ఆ సాయంత్రానికల్లా అందరూ మళ్ళీ ఆర్గానిక్ కెమిస్ట్రీలో పడతారు.

ఈ పరీక్ష గట్టెక్కకపోతే పాస్ సర్టిఫికెట్ ఇవ్వరు. గట్టెక్కినా ఆ మార్కులు మొత్తంలో కలపరు. ఇంటర్ బోర్డును ఎవరేమన్నా అనుకోండి, ఈ ఒక్క విషయంలో దాని నిజాయితీకి దండం పెట్టాలి. మన సమాజంలో నీతి స్థానమేమిటో ఏ పండితుడూ ఇంత క్లుప్తంగా చెప్పలేదు: ఉన్నట్టు కాగితం ఉండాలి, లెక్కలోకి మాత్రం రాకూడదు.

ఆ మూడు గంటలు ఎలా గడుస్తాయో అక్కడ కూర్చుని లేచిన ఏ పిల్లవాణ్ని అడిగినా చెబుతాడు. చాలా కాలేజీల్లో ఆ సబ్జెక్టుకు పీరియడ్ ఉండదు, చెప్పే మేష్టారు ఉండరు, దానికి పుస్తకం ఒకటుందన్న సంగతి పరీక్ష ముందురోజు సాయంత్రం తెలుస్తుంది. హాల్లో ఇన్విజిలేటరు తన వీకెండ్ టెస్టు పేపర్ల కట్ట దిద్దుకుంటూ ఉంటాడు. నిజాయితీ గొప్పదనం గురించి ముందు బెంచీవాడు ఏం రాశాడో చూసి వెనక బెంచీవాడు రాస్తాడు. దాన్ని కాపీ అనడం అన్యాయం. పరస్పర సహకారం కూడా మానవ విలువే కదా.

ఇంగ్లండులో ఇదే ఈడు పిల్లలు, పదహారు దాటి పద్దెనిమిది నిండేలోపు వాళ్ళు, ఎ-లెవెల్లో ‘రిలిజియస్ స్టడీస్’ అనే సబ్జెక్టు ఎంచుకోవచ్చు. చాలా స్కూళ్ళు దాన్ని ‘మతం, తత్వం, నీతి’ అనే పిలుస్తాయి. అక్కడి పరీక్షల బోర్డుల్లో ఓసీఆర్ ఒకటి. దాని పద్ధతిలో మూడు పేపర్లు, ఒక్కోటి రెండు గంటలు. నాలుగు ప్రశ్నలిస్తారు, మూడింటికి వ్యాసాలు రాయాలి, వ్యాసానికి 40 మార్కులు. ఆ నలభైలో తెలిసింది చెప్పినందుకు 16. దాన్ని తూచి, ఎదుటివాడి వాదన విని, తన అభిప్రాయాన్ని కారణాలతో నిలబెట్టుకున్నందుకు 24. దేవుడున్నాడని రాసినా మార్కులొస్తాయి, లేడని రాసినా వస్తాయి. మా నాన్న చెప్పాడు కాబట్టి ఉన్నాడని రాస్తే రావు.

అదేదో స్వర్గమని చెప్పడం లేదు. వ్యాసాల మూసలు బట్టీ పట్టే పిల్లలు అక్కడా ఉన్నారు, ఆ మూసలు తయారుచేసి పెట్టే టీచర్లూ ఉన్నారు. కానీ ప్రశ్నాపత్రం మాత్రం పిల్లవాణ్ని మనిషిగా ఊహించుకుని అడుగుతుంది. మన పేపర్లు వాణ్ని హాల్ టికెట్ నంబరుగా గుర్తుపట్టి అడుగుతాయి.

సరే, ఆ సిలబస్ రేపు మన ఇంటర్లో పెట్టారనుకుందాం. ప్రభుత్వం జీవో ఇచ్చిన మర్నాటికే కార్పొరేట్ కాలేజీల వాళ్ళు ‘ఆర్‌పీఈ’ (రిలిజియన్, ఫిలాసఫీ, ఎథిక్స్) గ్రూపు తెరిచేస్తారు. ఏసీ క్యాంపస్‌కు ఒక ఫీజు, నాన్ ఏసీకి ఒక ఫీజు. పీఆర్వోలు టెన్త్ పిల్లల ఇళ్ళకు బయల్దేరతారు. అమాయకపు తండ్రి ఒకాయన అడుగుతాడు.

“ఏమండీ, ఈ గ్రూపు తీసుకుంటే తర్వాత ఏముంటుందండీ?”

“తర్వాత ఏముంటుందన్నదే సిలబస్సండీ.”

పదకొండో శతాబ్దంలో ఆన్సెల్మ్ అనే క్రైస్తవ గురువు ఒక వాదన చేశాడు. దేనికన్నా గొప్పదాన్ని ఊహించలేమో అదే దేవుడు. ఊహలో మాత్రమే ఉన్నదానికన్నా నిజంగా ఉన్నది గొప్పది. కాబట్టి దేవుడు నిజంగా ఉండి తీరాలి. దానికి గౌనిలో అనే సన్యాసి, దేవుణ్ని నమ్మినవాడే సుమా, అడ్డుతగిలాడు. అయ్యా, అంతకన్నా గొప్పదాన్ని ఊహించలేని దీవి ఒకటుందని నేనంటాను, నీ లెక్క ప్రకారం అది కూడా సముద్రంలో ఎక్కడో ఉండితీరాలి కదా అన్నాడు. తొమ్మిది వందల ఏళ్ళుగా పండితులు ఈ తగాదా తీర్చలేకపోయారు. మనవాళ్ళకైతే ఇందులో సమస్యే కనిపించదు. ఊహలో మాత్రమే ఉన్న స్థలానికి లేఅవుట్ గీసి, గజాల లెక్కన అమ్మి, రిజిస్ట్రేషన్ కూడా చేయించిన అనుభవం ఉన్న జాతి మనది. గౌనిలో దీవికి ప్రీ-లాంచ్ ఆఫర్ ప్రకటించి ఉండేవాళ్ళం.

పదమూడో శతాబ్దపు అక్వినాస్ దేవుడున్నాడని ఐదు మార్గాల్లో నిరూపించబోయాడు. ఐదు మార్గాలు, పాయింటుకో మార్కు, చక్కటి ఐదు మార్కుల ప్రశ్న. మెటీరియల్లో దాని పక్కన మూడు నక్షత్రాలు, బ్రాకెట్లో మార్చి, మే అని వచ్చిన సంవత్సరాలు. అలాంటి వాదనలను హ్యూమ్ అనే తత్వవేత్త ఎలా ఎదిరించాడో చెప్పే భాగాన్ని మాత్రం “ఛాయిస్‌లో వదిలెయ్” అంటాడు లెక్చరరు. బెంథామ్ అనే తత్వవేత్త సుఖాన్ని కొలవడానికి ఏడు కొలతలు చెప్పాడు: ఎంత తీవ్రం, ఎంతసేపు, ఎంత ఖాయం, ఎంత దగ్గర, వెంట ఇంకెంత సుఖం తెస్తుంది, ఎంత బాధ కలవకుండా ఉంటుంది, ఎంతమందికి అందుతుంది. వాటి మొదటి అక్షరాలు కలిపి ఒక షార్ట్‌కట్ తయారవుతుంది. పిల్లలకు షార్ట్‌కట్ గుర్తుంటుంది, సుఖమంటే ఏమిటో గుర్తుండదు. (బెంథామ్ 1832లో పోయాక ఆయన కోరిక ప్రకారమే అస్థిపంజరానికి బట్టలు తొడిగి కూర్చోబెట్టారు, లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఇప్పటికీ ఉంది. మన విద్యాసంస్థల చైర్మన్లు ఇంకా ఫ్లెక్సీల దగ్గరే ఆగిపోయినందుకు సంతోషించాలి.)

తత్వవేత్త కాంట్‌తో మాత్రం క్యాంపస్‌కు చిక్కొస్తుంది. అబద్ధం ఎట్టి పరిస్థితిలోనూ కూడదన్నాడాయన; హంతకుడు గుమ్మంలోకొచ్చి నీ స్నేహితుడు లోపలున్నాడా అని అడిగినా సరే. కాంట్ బాగా తలకెక్కిన పిల్లవాణ్ని పేరెంట్స్ మీటింగ్ రోజున గేటు దగ్గర నిలబెట్టలేరు. భోజనం ఎలా ఉంది బాబూ అని ఏ తల్లో అడిగితే చెప్పేస్తాడు.

ఇక ఫలితాల రోజు. టీవీలో కాలేజీ ర్యాంకుల ప్రకటన, ఆ గొంతు, ఆ ఉరుము. అద్వైతం తీసుకున్న బ్యాచ్ నుంచి “ఒకటి! ఒకటి! ఒకటి! ఒకటి!” ద్వైతం బ్యాచ్ నుంచి “రెండు! రెండు! రెండు!” విశిష్టాద్వైతం బ్యాచ్ ర్యాంకు ఒకటా రెండా అన్నది తేలక, ప్రకటన రేపటికి వాయిదా.

నవ్వులాటకి అన్నా, ఈ ఊహలో ఒక గట్టి ప్రమాదం ఉంది. దాని పేరు నాగార్జునుడు. ఆయన పేరు మనం ఆనకట్టకు పెట్టుకున్నాం, విశ్వవిద్యాలయానికి పెట్టుకున్నాం, పులుల అభయారణ్యానికి పెట్టుకున్నాం, పిల్లలకూ పెట్టుకున్నాం. చదవడమొక్కటే మిగిలింది. కృష్ణ ఒడ్డున శ్రీపర్వతంతో సంప్రదాయం ముడిపెట్టిన ఈ ఆచార్యుడి మాధ్యమిక వాదాన్ని, ఇంగ్లండులో బౌద్ధ చింతన ఐచ్ఛికంగా తీసుకున్న పదిహేడేళ్ళ పిల్ల చదువుతుంది. మాచర్ల పిల్ల చదవదు. సాగర్‌కు పిక్నిక్ వెళ్తుంది, లాంచీ ఎక్కుతుంది, కొండ మీద మ్యూజియం ముందు సెల్ఫీ దిగుతుంది.

చదివితే ఏమవుతుందో చూడండి. ఏ సంగతినైనా నాలుగు విధాలుగా చెప్పవచ్చని పాత తార్కికులు అన్నారు: ఉంది, లేదు, ఉందీ లేదూ రెండూను, ఉన్నదీ కాదు లేనిదీ కాదు. అచ్చంగా ఎ, బి, సి, డి. ప్రపంచంలో మొట్టమొదటి ఆబ్జెక్టివ్ ప్రశ్న మనవాళ్ళ చేతుల్లోనే పుట్టిందని గర్వపడబోతుండగా, నాగార్జునుడు వచ్చి నాలుగూ తప్పేనంటాడు. ఓఎమ్మార్ షీటు ఖాళీగా ఇచ్చి వెళ్ళిపోతాడు. ఇలాంటి కుర్రవాడితో ఏ డీన్ వేగగలడు? బాబూ, ఈఏపీసెట్‌లో నెగెటివ్ మార్కులు లేవు, ఏదో ఒకటి దిద్దిరా అని బతిమాలతాడు. జేఈఈ మెయిన్స్ కీ మీద అభ్యంతరం పెట్టాలంటే ప్రశ్నకు 200 రూపాయలు కట్టాలి. నాగార్జునుడు ప్రతి ప్రశ్న మీదా అభ్యంతరం పెడతాడు; వాళ్ళ నాన్న పొలం అమ్ముకోవాలి.

పెద్దలు కొందరు వెంటనే అంటారు: ఇదంతా పాశ్చాత్య పైత్యం, మన సంస్కృతిలో పెద్దలకు ఎదురు ప్రశ్న లేదు. వాళ్ళు ఏ సంస్కృతి గురించి మాట్లాడుతున్నారో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. మన శాస్త్రాల్లో ఎదుటివాడి వాదనను ముందు పెట్టి, దాని పేరు పూర్వపక్షమని చెప్పి, ఆ తర్వాతే తన సిద్ధాంతం మొదలుపెట్టాలి. విజయనగర కాలంలో, పద్నాలుగో శతాబ్దంలో మాధవాచార్యుడు రాసిన సర్వదర్శన సంగ్రహంలో మొదటి అధ్యాయం ఎవరికిచ్చాడు? చార్వాకులకు. వేదం లేదు, పరలోకం లేదు, దేవుడు లేడు అన్నవాళ్ళకు. తాను ఒప్పుకోని వాళ్ళకు మొదటి పీట వేయడానికి ఆ వేదాంతికి భయం కలగలేదు. ఆ పుస్తకాన్ని ఇవాళ ఇంటర్ సిలబస్‌లో పెట్టి చూడండి. మొదటి అధ్యాయం మీద సాయంత్రానికి ధర్నా, రాత్రికి చానెల్లో చర్చ, తెల్లవారేసరికి ముగ్గురు సభ్యుల కమిటీ. చర్చకొచ్చిన నలుగురిలో పుస్తకం తెరిచినవాడు ఒక్కడూ ఉండడు. తెరిస్తే మనోభావాలు దెబ్బతింటాయి కదా.

రాజ్యాంగం 28వ అధికరణ పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థల్లో మతబోధన కూడదంటుంది. మతబోధన వేరు, మతాల గురించి చదవడం వేరు అని 2002లో అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తేడా మనవాళ్ళకు భలేగా బోధపడింది. చదవడం మానేసి బోధన ఉంచుకున్నారు. పరీక్షలకు ముందు క్యాంపస్‌లో సరస్వతీ పూజ, హాల్ టికెట్లు అమ్మవారి పాదాల దగ్గర. కోనసీమ పిల్లలకైతే అయినవిల్లి వినాయకుడి దగ్గర పూజ చేయించిన పెన్నులుండనే ఉన్నాయి. తర్వాత చిలుకూరు: కోరుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, వీసా వస్తే 108. ఇందులో తప్పేముంది? భయపడిన పిల్లవాడు చెయ్యి పట్టుకోవడానికి ఎవరో ఒకరు కావాలి. నా తగవు దేవుడితో కాదు. పదిహేడో శతాబ్దంలో పాస్కల్ అనే ఫ్రెంచి లెక్కల పండితుడు దేవుడి మీద ఒక పందెం కాశాడు: ఉన్నాడని నమ్మితే పోయేది కొంచెం, ఉంటే వచ్చేది అనంతం, కాబట్టి నమ్మడమే లాభం. మన ఎంపీసీ పిల్లలందరూ ఏటా మార్చిలో ఆ పందెం కాస్తూనే ఉన్నారు. అది పందెమని వాళ్ళకొకరు చెప్పి, ఆ పాస్కల్‌కు ఎదురు నిలిచినవాళ్ళు ఏమన్నారో కూడా చెప్పి ఉంటే, ప్రదక్షిణ చేసేవాడు ఇంకాస్త తెలిసి చేసేవాడు, మానేసేవాడు ఇంకాస్త తెలిసి మానేసేవాడు. ప్రాబబిలిటీ చాప్టర్లో పాస్కల్ పక్కనే ఉంటాడు కూడా. ఆ చాప్టర్లో మనం పాచికలే వేయిస్తాం.

ప్రశ్న అడిగినవాళ్ళకు మన కాలేజీలు ఏం బహుమతి ఇస్తాయో కూడా చరిత్రలో ఉంది. గోరా, అంటే గోపరాజు రామచంద్రరావు, కాకినాడ పి.ఆర్. కాలేజీలో బోటనీ చెప్పేవాడు. నాస్తిక భావాల వల్ల 1933లో ఉద్యోగం పోయింది. చెప్పేది మొక్కల గురించి, పోయింది దేవుడి వల్ల. తత్వశాస్త్రం సిలబస్‌లో లేకపోయినా స్టాఫ్ రూమ్‌లో ఎంత ప్రమాదకరమో మన యాజమాన్యాలు అప్పుడే కనిపెట్టాయి. అందుకే కాబోలు, లాజిక్ అనే సబ్జెక్టు ఆర్ట్స్ పిల్లలకు ఇంటర్‌లో ఉందన్న సంగతి చాలామందికి టైంటేబుల్ చూస్తే తప్ప తెలిసేది కాదు. బైపీసీ వాళ్ళ బ్రిడ్జి కోర్సు లెక్కల పేపరు పక్కన, అడుగు వరుసలో, అద్దెకున్నట్టు నిలబడి ఉండేది.

ఆ పక్క సెప్టెంబరు 5 రాగానే పూలదండలు. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి ఫొటో, రెండు ఉపన్యాసాలు, స్వీటు ప్యాకెట్టు. ఆయన ఫిలాసఫీ ఎందుకు చదివాడో ఆ ఉపన్యాసాల్లో ఎవరూ చెప్పరు. డబ్బుల్లేక, చదువైపోయిన బంధువొకాయన పాత పుస్తకాలు ఉచితంగా ఇస్తే, అవి ఫిలాసఫీవి కావడంతో ఆ గ్రూపులో చేరాడని ప్రసిద్ధి. నిజానికి తత్వశాస్త్రాన్ని సమర్థిస్తూ తెలుగు తండ్రికి నచ్చే వాదన ఇదొక్కటే: పుస్తకాల ఖర్చు లేదు. ఆయన 1931 నుంచి ఐదేళ్ళు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్. ఉపాధ్యాయ దినోత్సవం మనకు ఆయన పేరు మీదే. ఆయన చెప్పిన సబ్జెక్టును మాత్రం ఇంటర్ చదివే లక్షలమందికి ఎవరూ చెప్పరు.

అయితే నీతికి అసలు మార్కులే లేవని నేనంటే అది అబద్ధం. ఉన్నాయి, కాస్త ఆగాలంతే. సివిల్స్ మెయిన్స్‌లో 2013 నుంచి నాలుగో జనరల్ స్టడీస్ పేపరు నీతిదే. ఏకంగా 250 మార్కులు. పదహారేళ్ళప్పుడు లెక్కలోకి రాని వస్తువు పాతికేళ్ళకు రెండొందల యాభై అయింది. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో మెట్ల కింద జిరాక్స్ షాపుల్లో కాంట్ స్పైరల్ బైండింగ్‌తో దొరుకుతాడు, పక్కనే గాంధీ, పక్కనే కౌటిల్యుడు. “మీరు జిల్లా కలెక్టరు. మీ పైవాడు ఒక ఫైలు మీద సంతకం పెట్టమన్నాడు...” అని కేస్ స్టడీ. అభ్యర్థి ఏ జవాబు రాస్తాడో అందరికీ తెలుసు. ఆ జవాబు చదివితే కళ్ళు చెమరుస్తాయి. అన్ని వేల జవాబు పత్రాల్లో ఒక్కడూ సంతకం పెట్టడు. సంతకాలు మరి ఎక్కడినుంచి వస్తున్నాయో పరిశోధించాల్సిందే.

ఇక నవ్వడం కుదరని చోటికి వద్దాం. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చాయి. తెలుగులో 99 మార్కులు రావలసిన పిల్ల మెమోలో సున్నా పడింది. ఫలితాలు వెలువడిన కొద్దిరోజుల్లో ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. తప్పెవరిదన్నదే నీతిశాస్త్రంలో మొదటి ప్రశ్న. దిద్దినవాళ్ళదా, బోర్డుదా, సాఫ్ట్‌వేర్‌దా, మార్కును మనిషికి పర్యాయపదం చేసిన మనందరిదా? దానికీ త్రిసభ్య కమిటీ వేశారు. 2023లో రాజస్థాన్‌లోని కోటా జిల్లా యంత్రాంగం హాస్టల్ గదుల ఫ్యాన్లకు స్ప్రింగులు బిగించమని ఆదేశించింది. ఎందుకు బతకాలి అని ఒక పిల్లవాడు అడిగిన ప్రశ్నకు కోచింగ్ నగరం ఇచ్చిన ఇంజనీరింగ్ జవాబు అది. ఆ ప్రశ్నను పట్టుకుని రెండున్నర వేల ఏళ్ళుగా కూర్చున్న పెద్దలు, నమ్మినవాళ్ళూ నమ్మనివాళ్ళూ, ఎంతోమంది ఉన్నారు. వాళ్ళలో ఒక్కరినీ ఆ గదిలోకి రానివ్వలేదు. గది స్టడీ అవర్‌లో ఉంది.

నాకు మూడు పేపర్లు వద్దు, కొత్త గ్రూపు వద్దు, పాఠ్యపుస్తకం అసలే వద్దు. పుస్తకం వస్తే గైడు వస్తుంది, గైడు వస్తే బిట్ బ్యాంకు వస్తుంది. వారానికి ఒక్క గంట చాలు. ఆ గంటలో తలుపు వేసుకుని, లెక్చరరు పిల్లలతో కలిసి కూర్చుని, దేవుడున్నాడో లేడో, అబద్ధం ఎప్పుడైనా చెప్పవచ్చో లేదో, చచ్చిపోయాక ఏమవుతుందో మాట్లాడాలి. ఎవరైనా తనను సూటిగా అడిగితే “నాకూ తెలీదురా” అనే హక్కు ఆయనకు ఉండాలి. అలా అన్న రోజున సీసీ కెమెరాలో అంతా చూస్తున్న క్యాంపస్ ఇన్‌ఛార్జి ఫోన్ చేస్తాడు: “సార్, ఆ పీరియడ్‌లో ఎన్ని బిట్లు అయ్యాయి?”